గడప దాకా వచ్చిన నీళ్ళు

మనుషులకు ఆయుర్దాయం వున్నట్టే ప్రభుత్వ శాఖలకూ వుంటుంది కాబోలు. కొన్ని శాఖలు తెల్లదొరల కాలంలో పుట్టి యిప్పటికీ కుర్చీ కదలకుండా కూర్చున్నాయి. మరికొన్ని పుట్టడమూ, పేరు మార్చుకోవడమూ, యింకొక శాఖ యింటికి కాపురానికి వెళ్ళడమూ అన్నీ మన కళ్ళ ముందే జరిగిపోయాయి. అటువంటి అల్పాయుష్షు శాఖ వొకదాని గురించి యీ వారం పాఠకులతో కాసేపు ముచ్చటించాలని వుంది. దాని పేరు కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య మంత్రిత్వశాఖ. 1999లో గ్రామీణాభివృద్ధి శాఖ చాటున వొక విభాగంగా కళ్ళు తెరిచింది. 2011 జూలైలో వేరు పడి స్వంత మంత్రిత్వశాఖ అయింది. 2019లో జలవనరుల శాఖతో కలిసి జలశక్తి మంత్రిత్వశాఖలో చేరిపోయింది. అంటే తన పేరుతో తాను బ్రతికింది ఎనిమిదేళ్ళు. ఆ పెద్ద కుటుంబంలో యిప్పుడు మళ్ళీ వొక విభాగంగా, పాత పనే చేసుకుంటూ వున్నది.

"ఢిల్లీలో ఏ శాఖ ఏ శాఖతో కలిస్తే మాకేమిటయ్యా?" అని గృహిణులు విసుక్కోవచ్చు. తొందరపడకండి. మిగతా శాఖలు మన జేబులోకో, పొలంలోకో తొంగి చూస్తాయి. యిది మాత్రం తిన్నగా వంటింట్లోకీ, పెరటి మూలకూ వచ్చింది. మీ బిందెలో ఏమున్నదీ, మీ పెరట్లో గుంత ఎలా వున్నదీ అని అడిగే శాఖ యిదొక్కటే. అంత దగ్గరికి వచ్చిన చుట్టాన్ని కాస్త పరామర్శించకపోతే బాగుండదు.

దానిని నేను ఢిల్లీలో చూడలేదు. జహీరాబాదులో చూశాను.

మా చెల్లెలిని జహీరాబాదు యిచ్చాము. హైదరాబాదు నుంచి బొంబాయి వెళ్ళే పెద్ద రోడ్డు మీద వంద కిలోమీటర్లు పోతే వస్తుంది ఆ వూరు. మరికాస్త ముందుకు పోతే కర్ణాటక. బస్టాండులో అరగంట నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ చెవిన పడతాయి. 1956కు ముందు యీ తాలూకా బీదరు జిల్లాలో వుండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదకుకు వచ్చింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. నేల ఎర్రనేల. చెరుకూ, అల్లమూ, ఆలుగడ్డా పండుతాయి. నీళ్ళ దగ్గర మాత్రం యీ ప్రాంతం మొదటినుంచీ పిసినారి. ముప్ఫై కిలోమీటర్ల దూరంలో వున్న బీదరులో బహమనీ సుల్తానులు నేల అడుగున సొరంగం తవ్వించి, ఎర్రరాయి క్రింద వూరే నీటిని వూళ్ళోకి తెప్పించుకున్నారు. దాన్ని కరేజు అంటారు. నౌబాదు దగ్గర దాని గాలిబావులు యిప్పటికీ కనబడతాయి. రాజులే అంత తంటాలు పడ్డ చోట మామూలు సంసారులు ఎన్ని తంటాలు పడి వుంటారో వూహించుకోవచ్చు.

వొక్క సంగతి ముందుగా చెప్పాలి. ఢిల్లీ శాఖ ఎక్కడా బావి తవ్వదు, గొట్టం వెయ్యదు. మన రాజ్యాంగంలో నీళ్ళు రాష్ట్రాల వ్యవహారం. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ ప్రకారం తాగునీరు పంచాయతీలకు అప్పగించదగిన పనుల జాబితాలోకి చేరింది. మరి ఢిల్లీవారు చేసేదేమిటి? డబ్బు పంచడం, లెక్క కట్టడం, కొలత పెట్టడం. యీ కొలతల చరిత్ర వుంది చూశారూ, అది చదువుతుంటే వొక్కోచోట నవ్వూ వస్తుంది, వొక్కోచోట వొళ్ళూ మండుతుంది.

1954లో మొదటి పంచవర్ష ప్రణాళికలో తాగునీటి పథకం మొదలయింది. 1972లో పల్లెల కోసం ప్రత్యేకంగా వేగవంతమైన పథకం పెట్టారు. అప్పుడు "సమస్య వున్న గ్రామం" అంటే ఏమిటో నిర్వచించవలసి వచ్చింది. మైదాన ప్రాంతంలో 1.6 కిలోమీటర్ల లోపల మంచినీళ్ళు లేకపోతే అది సమస్య వున్న వూరు. అంటే మైలు దూరంలో నీళ్ళుంటే ఆ వూరికి సమస్య లేనట్టే లెక్క! ఈ లెక్క కట్టిన పెద్దమనిషి ఎన్నడూ చంకన బిందె ఎత్తి వుండడని నా గట్టి నమ్మకం. పదిహేను లీటర్ల బిందె పదిహేను కిలోల బరువు. ఖాళీ బిందెతో మైలు, నిండు బిందెతో మైలు. తర్వాత కొలత మారింది. రెండువందల యాభై మందికి వొక బోరింగు, మనిషికి రోజుకు 40 లీటర్లు అన్నారు. 2019లో వచ్చిన జలజీవన్ మిషన్‌లో కొలత యింటి లోపలికే నల్లా, మనిషికి 55 లీటర్లు. ఆ పథకం మొదలయిన నాటికి దేశంలో సుమారు పంతొమ్మిది కోట్ల పల్లె కుటుంబాల్లో నల్లా వున్నవి 3.23 కోట్లు. యిప్పుడు పదిహేను కోట్లు దాటాయి. 2024కల్లా పూర్తిచేస్తామన్న గడువును 2028 దాకా పొడిగించారు. మైలు దూరం నుంచి గడప దాకా రావడానికి కొలతకు దాదాపు యాభై ఏళ్ళు పట్టిందన్నమాట.

బోరింగు అన్నాను గదా. మనం చేతిపంపు అనేదాన్ని జహీరాబాదు వైపు బోరింగు అంటారు, కొళాయిని నల్లా అంటారు. ఆ బోరింగుకు వొక కథ వుంది. మొదట్లో పల్లెల్లో వేసిన పోతయినుము పంపులు ఒక కుటుంబం వాడుకునేందుకు చేసినవి. వూరంతా మీద పడేసరికి విరిగి మూలపడ్డాయి. 1974లో యునిసెఫ్ వారు లెక్క చూస్తే నాలుగింట మూడు పంపులు పనిచెయ్యడం లేదు. గట్టి పంపు ఎక్కడ వుందా అని వెదికితే షోలాపురంలో దొరికింది. దానిని మెరుగుపరచి "ఇండియా మార్కు రెండు" అని పేరు పెట్టి, 1970ల చివర మద్రాసు కర్మాగారంలో తయారు చేయించారు. తర్వాత అది ఆఫ్రికా దేశాలకూ వెళ్ళింది. షోలాపురం ఏ రోడ్డు మీద వుందనుకున్నారు? జహీరాబాదు వున్న రోడ్డు మీదనే! దేశంలో ఎన్నో పల్లెలకు నీళ్ళు తోడిపెట్టిన చెయ్యి ఆ దారినే వచ్చింది.

పంపుల వల్ల పోయిన వొక పీడను యిప్పటి పిల్లలు ఎరుగరు. నారికురుపు. పెద్దవాళ్ళకు పేరు వింటేనే కాలు జలదరిస్తుంది. మూరెడు పైన పొడవున్న దారం వంటి పురుగు కాలిలో పుండు పడి బయటికి వచ్చేది. మంటకు తాళలేక మనిషి మెట్లబావిలో కాలు పెట్టేవాడు. ఆ నీళ్ళలో పురుగు పిల్లలు పెట్టేది. ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు సుమారు ఏడాదికి మళ్ళీ అదే. మందు లేదు, టీకా లేదు. అగ్గిపుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగడమే వైద్యం. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో వుండేది. దానిని జయించింది గుడ్డలో నీళ్ళు వడకట్టడం, బావుల్లో మెట్లు మూసివెయ్యడం, బోరింగులు వెయ్యడం. 1996లో రాజస్థానంలో ఆఖరి రోగి. 2000లో భారతదేశానికి నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రం యిచ్చింది. వొక్క మాత్ర లేకుండా, వట్టి నీళ్ళ జాగ్రత్తతో వొక రోగాన్ని దేశం నుంచి తరిమేశాము. యింత గొప్ప సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు కనపడదో నాకు బోధపడదు.

యిక జహీరాబాదు నీళ్ళ సంగతి. యీ ప్రాంతానికి పెద్దదిక్కు మంజీర. ఆ నీళ్ళు 1965 నుంచి హైదరాబాదుకు వెళ్ళాయి. ఆ పైన సింగూరు దగ్గర పెద్ద ఆనకట్ట కట్టి, 1990ల నుంచి అదీ పట్నానికే యిచ్చారు. ఏరు మెదకుది, దాహం తీరేది హైదరాబాదుది. యింటి ఆవు పాలు పక్కింటివారికి పోసినట్టు అని యిక్కడివారు గొణుక్కునేవారు. 2004లో కృష్ణ, 2015లో గోదావరి హైదరాబాదుకు చేరాక గానీ సింగూరు తన జిల్లా వైపు తిరగలేదు. 2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గర కోమటిబండలో ప్రధాని మిషన్ భగీరథను ప్రారంభించారు. యిది రాష్ట్ర ప్రభుత్వ పథకం. చాలామటుకు అప్పుతెచ్చిన డబ్బు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు అన్నారు. కేంద్రం కొలత కంటే దాదాపు రెట్టింపు! సింగూరు నీళ్ళు శుద్ధి అయి గొట్టాల్లో జహీరాబాదు దాకా వచ్చాయి. అయితే ఏరు ఎప్పుడూ మన మాట వింటుందా? ఆ ఏడాది వేసవిలోనే సింగూరు అడుగంటి, నెర్రెలు విచ్చిన నేల బయటపడింది.

చిత్రమైన సంగతి మరొకటి. జహీరాబాదు పట్నంలో నల్లా వొక మంత్రిత్వశాఖ లెక్క; పొలిమేర దాటితే పల్లె నల్లా వేరొక మంత్రిత్వశాఖ లెక్క. నేను చెబుతున్న శాఖది పల్లెల బాధ్యత మాత్రమే. మునిసిపాలిటీల నీళ్ళు గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ చూస్తుంది. ఏరు వొకటే, గొట్టం వొకటే, కాగితం మాత్రం రెండు.

మొన్న వేసవిలో చెల్లెలి యింటికి వెళితే వంటింట్లో రెండు రకాల నీళ్ళు కనపడ్డాయి. గట్టు మీద నల్లా. పక్కన స్టూలు మీద బోర్లించిన ఇరవై లీటర్ల క్యాను. గిన్నెలకూ, బియ్యం కడగడానికీ నల్లా నీళ్ళు, తాగడానికి క్యాను. ప్రభుత్వం యింత ఖర్చుపెట్టి గొట్టం తెస్తే మళ్ళీ యిదేమిటే అన్నాను.

"అన్నా, నీకు తెల్వదు. పోయిన వానకాలంల చిన్నోనికి వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజులు దవాఖానల వున్నం. అప్పటిసంది నల్లా నీళ్ళు బంద్" అంది.

నల్లా వల్లనే వచ్చిందని ఎవరూ తేల్చలేదు. కానీ బిడ్డకు సెలైను ఎక్కించిన తల్లితో తర్కం చెయ్యగల ధైర్యం నాకు లేదు. అసలు గొడవ నల్లాది కూడా కాదని సాయంత్రానికి తెలిసింది. మా చెల్లెలి అత్తగారు పల్లె నుంచి వచ్చి నాలుగు రోజులయింది. ఆవిడ నల్లా నీళ్ళే తాగుతుంది. ఆటనుంచి రొప్పుతూ వచ్చిన మనుమడికి తన గ్లాసు అందించింది. చెల్లెలు పరుగున వచ్చి గ్లాసు లాక్కుని సింకులో వొంపేసింది. ముసలావిడ మొహం చిన్నబోయింది. రాత్రి అన్నం సరిగా తినలేదు. "మా యింట్ల పిల్లలు గీ చేత్తోనే నీళ్ళు తాగి పెరిగిన్రు బిడ్డా. యిప్పుడు నా చెయ్యే యిసమయ్యిందా?" అని నాతో అంది. గ్లాసెడు నీళ్ళ దగ్గర అత్తాకోడళ్ళ మధ్య అడ్డుగోడ లేచింది. యిటువంటి గోడలు యెన్ని యిళ్ళల్లో లేచాయో ఏ మంత్రిత్వశాఖ లెక్కల్లోనూ వుండదు.

మర్నాడు ఆవిడను దిగబెట్టడానికి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. (వూరి పేరు చెప్పనందుకు పాఠకులు మన్నించాలి, చుట్టరికం నిలబెట్టుకోవాలి గదా.) వెళ్ళేటప్పుడు ఒక పని చేశాను. చెల్లెలి యింటి క్యాను నీళ్ళు వొక సీసా, నల్లా నీళ్ళు వొక సీసా పట్టుకు వెళ్ళాను. జలజీవన్ మిషన్ కింద వూరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పి, మందుల పెట్టె యివ్వాలని నియమం వుంది. ఆ వూళ్ళో ఆ పెట్టె అంగన్‌వాడీలో వుంది. దానిని వాడడం తెలిసిన ఆవిడ ముప్ఫై ఏళ్ళ కోడలుపిల్ల. పదో తరగతి చదివిందట. చేతులు కడుక్కుని, చాప పరిచి, గాజుగొట్టాలు వరసగా నిలబెట్టింది. సంక్రాంతికి ముగ్గు పెట్టేటంత శ్రద్ధ.

మొదటిది క్లోరిను. నీళ్ళలో రెండు చుక్కల మందు వేస్తే లేతపసుపు రంగు రావాలి. వచ్చిందంటే నీళ్ళలో క్లోరిను యింకా మిగిలివుంది, దారిలో దూరిన క్రిములను చంపే కాపలాదారు మేలుకుని వున్నాడన్నమాట. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు వుండాలని భారత ప్రమాణం. చెల్లెలి నల్లా నీళ్ళు నిమ్మపండు రంగుకు తిరిగాయి. క్యాను నీళ్ళలో రంగే రాలేదు. రాకపోవడంలో వింత లేదు; ఆర్‌ఓ యంత్రం లవణాలతోపాటు క్లోరినునూ పోగొడుతుంది. దోషం అది కాదు. అటు తర్వాత క్యాను ఎలా కడిగారు, ఎన్నాళ్ళు నిలవ వుంచారు అన్నదానికి కాపలా లేదు, అంతే. రెండో పరీక్ష మలినానికి. మందున్న చిన్న సీసాలో నీళ్ళు పోసి వొకటి రెండు రోజులు వుంచాలి. నల్లబడితే ఆ నీళ్ళు తాగకూడదు. మూడు సీసాలు పెట్టింది: చెల్లెలి నల్లా, చెల్లెలి క్యాను, మూడోది అత్తగారి యింటి నల్లా.

"సార్, నల్లా నీళ్ళల్ల బ్లీచింగు వాసనొస్తదని అందరు క్యాన్లు తెచ్చుకుంటరు. నేనంటా, ఆ వాసనుంటెనే మంచిది, వాసన లేకుంటెనే భయపడున్రి అని. ఎవరింటరు?" అంది ఆ అమ్మాయి. నాకు తెలిసిన యింజనీర్లలో యింత సూటిగా చెప్పినవారు లేరు.

ఆ వూళ్ళో కూడా ఆర్‌ఓ ప్లాంటు వుంది. వెనుకవైపు గొట్టంలోంచి వదిలేసిన నీళ్ళు మోరీలోకి పోతున్నాయి. యంత్రం వొక బిందె యిచ్చేలోపల అంతకు మించిన నీళ్ళు బయటికి పారబోస్తుంది. బోరునీళ్ళలో ఉప్పో, ఫ్లోరైడో ఎక్కువగా వున్నచోట అది తప్పదు. ఫ్లోరైడు ఎంత పని చేస్తుందో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఆ వ్యాధిని గుర్తించారు, నల్గొండ పేరుతో దాన్ని తొలగించే పద్ధతే వచ్చింది. కానీ ఏటి నీళ్ళల్లో లవణాలు మామూలుగా తక్కువే. లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే తక్కువ లవణాలున్న చోట ఆర్‌ఓలను కట్టడి చెయ్యమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది కూడా.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి ఫోను చేసింది. చెల్లెలి నల్లా సీసా అలాగే వుంది. క్యాను సీసా నల్లబడింది. సంతోషించబోయాను. "ఆగున్రి సార్" అంది. అత్తగారి యింటి సీసా కూడా నల్లబడింది! ఆ యిల్లు వీధి చివర వుంది. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. మధ్యలో గొట్టం ఖాళీగా వున్నప్పుడు, మోరీ పక్కన వున్న అతుకులోంచి మురికి లోపలికి పీల్చుకుంటుందట. పంచాయతీ వారికి చెప్పి అతుకు వేయించింది. మళ్ళీ పరీక్షిస్తే బాగానే వుందట. కాబట్టి నల్లా మంచిది, క్యాను చెడ్డది అని తీర్పు చెప్పి చేతులు దులుపుకునే అవకాశం కూడా నాకు లేకుండా పోయింది. చెల్లెలు యిప్పుడు నల్లా నీళ్ళు కాచి చల్లార్చి వాడుతోంది. అత్తగారు వచ్చినప్పుడు కాచిన నీళ్ళ గ్లాసు ఆవిడ చేతికే యిస్తోంది, మనుమడికి యిమ్మని.

యిక యీ శాఖ రెండో చెయ్యి, పారిశుద్ధ్యం. పత్రికల్లో యిది రాస్తే అన్నం ముందు చదివేవారికి యిబ్బందిగా వుంటుంది. అయినా తప్పదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పల్లె కుటుంబాల్లో మరుగుదొడ్డి వున్నవి నూటికి ముప్ఫై ఒకటి. సూర్యుడు లేవకముందో, అస్తమించాకనో తప్ప ఆడవాళ్ళు బయటికి వెళ్ళలేని బ్రతుకు. వర్షాకాలం రాత్రి కడుపునొప్పి వస్తే ఏం చేసేవారమ్మా అని అత్తగారిని అడిగాను. "ఓర్చుకునేటోళ్ళం" అంది. అంతే. ఆ వొక్క మాటలో ఎన్ని రోగాలు దాగి వున్నాయో డాక్టర్లకు తెలుసు.

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మిషన్ మొదలయింది. కట్టుకున్న యింటికి 12,000 రూపాయలు, కేంద్రం రాష్ట్రం కలిసి. ఐదేళ్ళలో పదికోట్లకు పైగా కట్టారు. కొన్నిటిలో కట్టెలు పేర్చారు, కొన్నిటిలో మేకపిల్లలను కట్టారు, అదీ నిజమే. అత్తగారి యింట్లో 2018లో కట్టింది మాత్రం నిక్షేపంగా వాడుతున్నారు. సున్నం వేసి, గుమ్మానికి పసుపు గీతలు కూడా దిద్దారు!

యిది జంటగుంతల రకం. చూడడానికి చాలా సులువు. సిమెంటు రింగులు దించిన రెండు గుంతలు. అడుగున సిమెంటు వుండదు. నీరు భూమిలోకి యింకిపోతుంది. వొకటి నిండితే మధ్యనున్న చిన్న తొట్టిలో దారి మళ్ళించి రెండోది వాడతారు. మూతవేసిన మొదటి గుంతలో వున్నది ఏడాది, రెండేళ్ళలో పొడి మట్టిగా మారిపోతుంది. వాసన వుండదు. పొలానికి బంగారం వంటి ఎరువు. సులభ్ సంస్థ స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ యీ రకాన్ని దేశమంతటా ప్రచారం చేశారు.

అన్నీ బాగున్నాయి. ఆ గుంత మూత తీసేదెవరు?

శతాబ్దాలుగా యీ దేశంలో యీ ప్రశ్నకు కులం పేరుతో జవాబు చెప్పాము. 1993లో వొక చట్టం, 2013లో మరొక చట్టం చేసి మనిషి మలాన్ని మనిషిచేత ఎత్తించడాన్ని నిషేధించాము. కోలారు బంగారుగనుల్లో పుట్టిన బెజవాడ విల్సన్, ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారు దీనికోసం ఏళ్ళ తరబడి పోరాడారు. విల్సన్‌కు 2016లో మెగసెసే బహుమతి వచ్చింది. మురుగుగుంతల్లో దిగి చనిపోయిన వారి కుటుంబానికి పది లక్షలు యివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దానిని ముప్ఫై లక్షలు చేసింది. ఎంత చెబితే మాత్రం పోయిన ప్రాణం వస్తుందా? జంటగుంతల గొప్పతనమంతా యిక్కడే వున్నది. ఎవరి గుంత వారే తీసుకోవచ్చు. అప్పటికి అది మలం కాదు, మట్టి. కానీ ఆ మాట నమ్మాలి గదా.

నమ్మించడానికి 2017 ఫిబ్రవరిలో వొక పెద్దమనిషి స్వయంగా గుంతలోకి దిగాడు. ఆయన యీ మంత్రిత్వశాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్. దిగింది ఢిల్లీలో కాదు, మన వరంగల్లు దగ్గర గంగదేవిపల్లిలో. నీళ్ళకొక కమిటీ, పారిశుద్ధ్యానికొక కమిటీ పెట్టుకుని ఆదర్శగ్రామమని పేరు తెచ్చుకున్న వూరది. యిరవైకి పైగా రాష్ట్రాల అధికారులు చుట్టూ నిలబడి వుండగా, ఆయన మూత తీసిన గుంతలో దిగి, లోపలి ఎరువును చేత్తో తీసి చూపించాడు. ప్రధానమంత్రి ఆ నెల రేడియో ప్రసంగంలో యీ సంగతి చెప్పారు. సంతకాలు చెయ్యడానికి తప్ప చెయ్యి కదపరని మనం అధికారుల మీద వేసే నిందలో కొంత ఆ రోజు తగ్గించుకోవాలని నా అభిప్రాయం.

ఈ కథ అంతా అత్తగారి పెరట్లో, నులకమంచం మీద కూర్చుని చెప్పాను. ఆ యింటి మొదటి గుంత నిండి, దారి మళ్ళించి రెండేళ్ళు దాటింది. తీయవలసిన సమయం ఎప్పుడో వచ్చింది. ఆవిడ పెద్దకొడుకు, అంటే మా బావగారి అన్న, అల్లం పండిస్తాడు. ఏటా పెంట ఎరువు ట్రాక్టర్లకొద్దీ డబ్బు పోసి కొంటాడు.

"గంత పెద్ద సారు దిగిండా?" అంది అత్తగారు ఆశ్చర్యపోతూ.

"దిగితె దిగిండు తియ్యమ్మా. ఆయన దిగినంక ఫోటో తీసిన్రు, ఢిల్లీకి పోయిండు. నేను దిగితె రేపు రచ్చబండ కాడ నన్నేమంటరు? పిల్లనిచ్చేటోళ్ళు గూడ అడుగుతరు" అన్నాడు పెద్దకొడుకు. వెటకారం కాదు. వాళ్ళ అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారు.

"అయితే ఎవర్ని పిలుస్తారు?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. యిదివరకైతే ఎవర్ని పిలిచేవారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "వాళ్ళ పిలగాండ్లు యిప్పుడు డిగ్రీ చదువుతున్నరు బావా. పిల్సుడు గూడ తప్పే" అన్నాడు చివరికి. ఆ మాటకు నాకు చాలా సంతోషం కలిగింది. పట్నం నుంచి పీల్చే ట్యాంకరు తెప్పించాలని ఆయన ఆలోచన. పొడిమట్టిని ట్యాంకరు ఏం పీలుస్తుంది, పార చాలు అన్నాను. నేనూ వస్తాను, యిద్దరం తీద్దాం అని కూడా అన్నాను. దసరా దాటాక చూద్దామన్నాడు.

దసరా దాటింది. ఫోను చేస్తే వొకరోజు కోత అన్నాడు, వొకరోజు పెళ్ళిచూపులు అన్నాడు. మొన్న అత్తగారే ఫోను ఎత్తింది. మొదటి గుంత మూత మీద బట్టలుతికే బండ వేయించారట. రెండో గుంత సగం దాటిందట. "నువ్వొస్తవా బిడ్డా? వస్తె జెప్పు, పార నేను పట్టుకుంట" అంది. వచ్చే ఆదివారం జహీరాబాదు బస్సుకు టిక్కెట్టు తీసుకున్నాను.